ధాత కరువుకు తద్దినమేదీ?

పోయినవాళ్ళను తలుచుకోవడం మన ఇళ్ళల్లో చాలావరకు ఆడవాళ్ళ చేతిమీద నడిచే పని. తిథి మగవాళ్ళు మరిచినా మనం మరవం. మరి ఒక ఇల్లు కాదు, ఒక సీమలో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయిపోతే, వాళ్ళ తద్దినం ఎవరు పెట్టాలి? సర్కారే పెట్టాలంటాన్నేను.

ఆర్మీనియా వాళ్ళను చూడండి. పరాయివాళ్ళేం కాదు, ఒకప్పుడు మన మచిలీపట్నంలో వర్తకం చేసినవాళ్ళే. మద్రాసులో వాళ్ళ పేరుమీద వీధి, వాళ్ళ చర్చి ఇప్పటికీ ఉన్నాయి. 1915 ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో వాళ్ళ రచయితల్ని, పెద్దల్ని తురుష్క ప్రభుత్వం పట్టుకుపోయింది. ఆ తర్వాత లక్షల మంది ప్రాణాలు తీసింది. ఏటా ఆ రోజున ఎరెవాన్ కొండమీది స్మారకం దగ్గర జనం పూలుంచుతారు. అది జాతి నిర్మూలనేనని 2021లో అమెరికా అధ్యక్షుడు అధికారికంగా అన్నారు. టర్కీ ప్రభుత్వం మాత్రం ఒప్పుకోదు. ఒక్క మాటకోసం ఇంత పట్టుదల ఎందుకంటారా? చచ్చిపోయారు అనడానికి, చంపారు అనడానికి తేడా లేదూ!

ఆదోని, ఎమ్మిగనూరుల దగ్గరా ఆ తేడానే తేలాలి.

1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. అందుకే మనవాళ్ళు దాన్ని ధాత కరువన్నారు. అప్పట్లో ఈ రెండూళ్ళూ మద్రాసు రాజధానిలోని బళ్ళారి జిల్లాకింద ఉండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాకగాని కర్నూలు జిల్లాలో కలవలేదు. చెరువులెండాయి, పశువులు పోయాయి. గింజల ధర ఆకాశానికెక్కితే కొత్త చీర కొనేదెవరు? ఎమ్మిగనూరు సాలెవాళ్ళ మగ్గాలకు పనెక్కడిది?

అలాగని గింజలు చేరే దారి లేకపోలేదు. మద్రాసు నుంచి బొంబాయికి రైలుమార్గం ఆదోనిమీదుగా 1871 నాటికే పడింది. రైలుందిగాని, ఆ గింజలు కొనే డబ్బు చేతిలో ఉండొద్దూ!

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ దర్బారు తీర్చి, విక్టోరియా రాణిని మహారాణిగా ప్రకటించాడు. ఖర్చు తగ్గించి రమ్మని రిచర్డ్ టెంపుల్ అనే దొరను దక్షిణాదికి పంపాడు. ఆ దొర కరువు పనుల్లో మగమనిషికి కట్టిన రోజుకూలి ఒక పౌను గింజలు, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా నిండదు. ఆడవాళ్ళకు డబ్బు ఇంకా తక్కువ. పొద్దస్తమానం మన్ను మోసిన మనిషికి రెండు పూటలా అదే! సంగటి కెలికే చేతికి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది. డాక్టర్ కార్నిష్ అనే మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి, ఇది మనిషి బతికే తిండి కాదని మొత్తుకున్నాడు. కొన్ని నెలలకు కూలి పెంచారుగాని, పోయినవాళ్ళు పోనే పోయారు. పక్కనున్న కర్నూలు జిల్లాలో 1871లో తొమ్మిది లక్షలకు పైనున్న జనం, 1881 లెక్కల్లో ఏడు లక్షలకన్నా తక్కువ తేలారు. వాన ముఖం చాటేసింది నిజమే. కూలి కోసింది మాత్రం మనిషే.

ఐర్లాండ్ వాళ్ళు తమ బంగాళాదుంపల కరువును 2008 నుంచి ఏటా ప్రభుత్వ లాంఛనాలతో తలుచుకుంటున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2021లో ఆగస్టు 14ను దేశవిభజన విషాదాల స్మృతి దినంగా ప్రకటించింది. మంచిదే. ధాత కరువుకు మాత్రం సర్కారు క్యాలెండర్లో ఒక్క రోజూ లేదు. పంచాంగంలో ఉందిగాని. 1936లో, 1996లో ధాత మళ్ళీ వచ్చింది, 2056లో ఇంకోసారి వస్తుంది. పేరు మిగిలింది, ఎందుకు మిగిలిందో చెప్పేవాళ్ళే తగ్గిపోతున్నారు.

ఇప్పుడివన్నీ తవ్వుకోవడం దేనికంటారేమో. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో ఈనాటికీ పంట పోతే ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్ని చంకనెత్తుకుని గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోతారు. కరువు లెక్క మరిచిన సర్కారుకు వాళ్ళ కూలి లెక్క ఎలా గుర్తుంటుందండీ?

పెద్ద గుడులూ గోపురాలూ అక్కర్లేదు. ఆదోని రైల్వే స్టేషను బయట ఒక రాయి నిలబెట్టి, ఏటా ఒకరోజు కలెక్టరుగారు వచ్చి నాలుగు పూలుంచితే చాలు. రాతిమీద ఏం రాయాలంటారా? ధాత నామ సంవత్సరం, పౌను గింజలు, ఒక అణా. ఆడవాళ్ళకు అంతకన్నా తక్కువ.