ఇంటి మాట, పరాయి నోట: ఫ్యామిలీ కాన్‌స్టలేషన్ పుట్టుపూర్వోత్తరాలు

బేస్తవారిపేట, కంభం, గిద్దలూరు పల్లెల్లో ఒకరికి మనసు బాగాలేకపోతే ఇంట్లోవాళ్లు కారణాన్ని ఆ ఒక్కరిలోనే వెతకరు. పెద్దలకు పెట్టుకున్నామా, పంపకాల్లో ఎవరి ఉసురు తగిలింది, ఇల్లు విడిచిపోయిన పిల్ల ఎలా ఉంది అని ఆరా తీస్తారు. ఎరుకలసాని సోది చెబితే ఆమె నోట పోయిన పెద్దలే పలుకుతారని నమ్ముతారు. ఒకరి బాధకు మూలం ఇంట్లో ఉంటుందన్న ఈ చూపు ఐరోపాలోనూ మరో దారిన రూపుకట్టింది. అదే ఇప్పుడు ఫ్యామిలీ కాన్‌స్టలేషన్, సిస్టమిక్ కోచింగ్ అన్న పేర్లతో మన ఫోన్లదాకా వచ్చింది.

పద్ధతి ఇది. బాధ చెప్పుకోవడానికి వచ్చినవారు శిబిరంలోని పరాయివాళ్లలో ఒకరిని తండ్రిగా, ఒకరిని తల్లిగా, ఒకరిని తనుగా ఎంచి, తోచినచోట నిలబెడతారు. నిలబడినవాళ్లు తమకేమనిపిస్తోందో చెబుతారు. నడిపించేవారు వాళ్లను అటూ ఇటూ జరిపి, కొన్ని మాటలు పలికిస్తారు. ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషికి మళ్లీ చోటివ్వడమే ఇందులో గుండెకాయ.

దీని తొలి వేరు వియన్నాలో ఉంది. జేకబ్ మొరీనో 1921 నుంచి అక్కడ నాటకాన్ని చికిత్సవైపు మళ్లించాడు. ఆయన సైకోడ్రామాలో బాధపడేవారే వేదికెక్కి తమ కథ తామే ఆడతారు. తర్వాత అమెరికాలో వర్జీనియా సటీర్ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చికిత్స చేసింది. ఎవరు ఎవరికి ఎంత దూరమో తెలిసేలా వాళ్లనే శిల్పాల్లా నిలబెట్టేది. పెద్దలు తీర్చని బాకీలు పిల్లల బతుకుల్లోకి వస్తాయని ఇవాన్ బోజోర్మెనీ-నాగి 1973లో రాశాడు.

ఈ పాయలను బెర్ట్ హెలింగర్ కలిపాడు. 1925లో జర్మనీలో పుట్టిన ఆయన కాథలిక్ ఫాదరుగా దక్షిణాఫ్రికాలో జులూల మధ్య పదహారేళ్లు పనిచేశాడు. 1970ల మొదట్లో ఆ బాధ్యత వదిలి మానసిక చికిత్సవైపు వచ్చాడు. గుంతర్డ్ వెబర్ 1993లో తెచ్చిన పుస్తకంతో ఆయన పద్ధతి జర్మనీ అంతటా పాకింది.

అయితే దారిలో ఒక పెద్ద మార్పు జరిగింది. మొరీనో దగ్గర మాట బాధితులది. సటీర్ దగ్గర కుటుంబానిది. హెలింగర్ దగ్గరికి వచ్చేసరికి తీర్పు నడిపించేవారి చేతికి పోయింది. తల్లిదండ్రులకు తలవంచాలన్నది ఆయన నియమం. హింసించిన తండ్రికి కూడా బిడ్డ తలవంచాలా అని విమర్శకులు నిలదీశారు. 2004లో, కుటుంబాన్ని ఒక వ్యవస్థగా చూసే జర్మనీ సిస్టమిక్ చికిత్సకుల సంఘం ఒకటి పోట్స్‌డామ్ ప్రకటనతో ఆయన తీరుకు దూరం జరిగింది.

మేలు లేదని కాదు. 2013లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు 208 మందితో చేసిన అధ్యయనంలో, మూడు రోజుల శిబిరానికి వెళ్లినవారి మనఃస్థితి మెరుగుపడింది. కానీ పరాయి మనిషి ఒంట్లో మన తాత దుఃఖం పలుకుతుందనడానికి అది రుజువు కాదు.

మన దేశంలో, ఒకరి బాధను ఇంటితో కలిపి చూసే ఇదే చూపు మరింత నేలమీద నడిచింది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే గుడారాలు వేయించి, రోగులతోపాటు వాళ్ల కుటుంబాలనూ ఉంచుకున్నాడు. 1957లో మొదలైన వేలూరు సీఎంసీ మానసిక ఆరోగ్య కేంద్రం కూడా ఇంటివాళ్లను తోడుంచుకుని చికిత్స చేసింది. అక్కడ అమ్మ స్థానంలో అమ్మే కూర్చుంది.

వానల్లేక ఇంట్లో సగంమంది హైదరాబాదుకో బెంగళూరుకో వలసపోయే మన పల్లెలకు కావలసింది ఈ రెండో దారే. ఇష్టపడి పెళ్లాడి వెలివేతకు గురైన కూతురి చోటులో పరాయి అమ్మాయిని నిలబెట్టడం కన్నా, వీలున్నచోట ఆ కూతురికే ఫోన్ చేయడం మేలు. శిబిరానికి వెళ్లాలనుకుంటే నడిపించేవారి చదువేమిటో, మధ్యలో వద్దంటే ఆపుతారో లేదో ముందే అడగాలి. చచ్చిపోవాలనే ఆలోచనలు, తీవ్రమైన కుంగుబాటు ఉంటే శిబిరం కాదు, డాక్టరు కావాలి. 2022 నుంచి నడుస్తున్న టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.