భారతదేశంలో సైనిక చిహ్నాల వినియోగ నియమాలు

భారత సైనిక దళాల చిహ్నాలు, ముద్రలు, పతకాలు, హోదా గుర్తులు, యూనిఫారాలను సైన్యానికి చెందని వ్యక్తులు, సంఘాలు, వ్యాపార సంస్థలు వాడుకొనుటపై పలు పరిమితులు ఉన్నవి. ఈ పరిమితులన్నీ ఒకే చట్టంలో లేవు. 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం, 2005 నాటి రాజచిహ్న దుర్వినియోగ నిరోధక చట్టం, భారతీయ న్యాయ సంహిత, ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం, జెనీవా ఒప్పందాల చట్టం మొదలైనవాటిలో ఇవి విస్తరించి ఉన్నవి. సైనికుడిని చూచి ప్రజలకు కలిగే నమ్మకాన్ని మరొకరు తమ లాభానికి వాడుకొనకుండా చూడటం వీటి ప్రధాన ఉద్దేశం.

దేశమంతటికీ వర్తించే ఈ నియమాలు నంద్యాల, ఆళ్ళగడ్డ వంటి పట్టణాలలో శిక్షణా కేంద్రాలు, సెక్యూరిటీ సంస్థలు, మాజీ సైనికుల సంఘాలు, మందుల దుకాణాలు, శిల్పశాలలు, ఎన్నికల ప్రచారం వంటి నిత్య వ్యవహారాలలో ఎదురవుతాయి.

సైనిక చిహ్నాలు

భారత రాజచిహ్నం సారనాథ్‌లోని అశోక స్తంభపు సింహ శీర్షం నుండి గ్రహింపబడినది. దీనిని 1950 జనవరి 26న స్వీకరించారు. చిహ్నం క్రింద దేవనాగరి లిపిలో సత్యమేవ జయతే అను వాక్యం ఉంటుంది. సైనిక దళాల చిహ్నాలలో ఈ సింహ శీర్షం ముఖ్య భాగం.

* భారత సైన్యం: అడ్డంగా పెట్టిన రెండు ఖడ్గాలు, వాటితో పాటు సింహ శీర్షం.
* భారత నౌకాదళం: 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో విక్రాంత్ నౌక ప్రవేశ సందర్భంగా కొత్త పతాకం ఆవిష్కరింపబడినది. పాత పతాకంలోని సెయింట్ జార్జి శిలువను తొలగించి, ఛత్రపతి శివాజీ ముద్ర స్ఫూర్తితో రూపొందించిన అష్టకోణ కవచాన్ని అందులో చేర్చారు.
* భారత వాయుసేన: సింహ శీర్షం, రెక్కలు చాచిన గ్రద్ద. దీని నినాదం భగవద్గీత 11వ అధ్యాయం నుండి తీసుకొన్నది.

సైన్యంలోని హోదా గుర్తులలో కూడా రాజచిహ్నం కనిపిస్తుంది. లెఫ్టినెంటుకు రెండు నక్షత్రాలు, కెప్టెనుకు మూడు నక్షత్రాలు ఉంటాయి. మేజరు భుజంపై సింహ శీర్షం, లెఫ్టినెంట్ కర్నలు భుజంపై సింహ శీర్షంతో పాటు ఒక నక్షత్రం ఉంటాయి. అందువలన సైనిక బ్యాడ్జీని అనుకరించినపుడు అది రాజచిహ్నాన్ని అనుకరించినట్లు కూడా కావచ్చును.

రాజ్యాంగం

రాజ్యాంగంలోని 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల సర్వోన్నత ఆధిపత్యం రాష్ట్రపతికి చెందుతుంది. 1977లో నంద్యాల లోక్‌సభ నియోజకవర్గం నుండి జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచిన నీలం సంజీవరెడ్డి అదే సంవత్సరం జులై 25న రాష్ట్రపతి పదవి స్వీకరించి, ఆ హోదాలో రక్షణ దళాలకు సర్వాధిపతి అయ్యాడు. 1984-85లో రక్షణ మంత్రిగా పనిచేసిన పి.వి. నరసింహారావు, 1991లో ప్రధానమంత్రి అయిన తరువాత ఇదే నియోజకవర్గపు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభలో ప్రవేశించాడు.

18వ అధికరణం ప్రకారం ప్రభుత్వం బిరుదులు ఇవ్వరాదు. అయితే సైనిక, విద్యా సంబంధమైన విశిష్టతలను ఈ నిషేధం నుండి మినహాయించారు. స్వతంత్ర భారతంలో రావు బహదూర్ వంటి బిరుదులకు చోటు లేకపోయినా, కెప్టెన్, కర్నల్ వంటి హోదాలు పేరుకు ముందు నిలిచి ఉండుటకు ఆధారం ఇదే. రాజ్యాంగమే ప్రత్యేకించి మినహాయించిన గౌరవం గనుక దానిని అర్హత లేనివారు పెట్టుకొనుటను చట్టం తేలికగా తీసుకొనదు.

ప్రధాన చట్టాలు

1950 చట్టం

చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నిరోధక చట్టం 1950లో 12వ చట్టంగా వచ్చినది. దీని అమలును కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ చూస్తుంది. చట్టపు అనుబంధంలో పేర్కొన్న పేర్లను, చిహ్నాలను కేంద్ర ప్రభుత్వ పూర్వానుమతి లేకుండా వ్యాపారం, వృత్తి, ట్రేడ్‌మార్కు, డిజైను మొదలైనవాటికి వాడరాదు. వాటిని పోలిన అనుకరణలకు కూడా ఇదే నిషేధం వర్తిస్తుంది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, వాటి శాఖలు వాడే చిహ్నాలు, ప్రభుత్వం నెలకొల్పిన పతకాలు, బ్యాడ్జీలు, అలంకరణలు, అశోక చక్రం బొమ్మ, ప్రభుత్వ ప్రాపకం ఉన్నదని స్ఫురింపజేసే పేర్లు అనుబంధంలో ఉన్నవి.

ఇటువంటి పేరు గల కంపెనీని గాని, సంస్థను గాని రిజిస్టరు చేయరాదని నాలుగవ సెక్షను చెబుతుంది. ఒక గుర్తు నిషిద్ధ చిహ్నానికి అనుకరణ అవునా కాదా అను సందేహం వచ్చినపుడు రిజిస్ట్రారు దానిని కేంద్ర ప్రభుత్వానికి నివేదించవచ్చును. ఆ విషయంలో కేంద్ర నిర్ణయమే తుది నిర్ణయం. 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం కూడా ఇటువంటి గుర్తులను ట్రేడ్‌మార్కులుగా నమోదు చేయుటను నిషేధించినది.

1950లో నిర్ణయించిన శిక్ష 500 రూపాయల వరకు జరిమానా మాత్రమే. కేసు పెట్టుటకు కేంద్ర ప్రభుత్వ అనుమతి కూడా కావలెను. ఈ చట్టం ఉల్లంఘనలను ఆపలేకపోతున్నదని విమర్శ రావడానికి ఈ రెండూ కారణాలు.

2005 చట్టం, 2007 నియమాలు

రాజచిహ్నం వరకు ఈ లోపాన్ని 2005 చట్టం సరిచేసినది. ప్రభుత్వానికి సంబంధించినదన్న భావన కలిగించే విధంగా రాజచిహ్నాన్ని గాని, దాని అనుకరణను గాని వాడితే రెండేళ్ళ వరకు జైలు, ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. రెండవసారి నేరం చేసినవారికి కనీసం ఆరు నెలల జైలు తప్పదు.

2007 నియమాలు చిహ్నాన్ని ఎవరు, ఏ కాగితాలపై, ఏ వాహనాలపై, ఏ భవనాలపై వాడవచ్చునో జాబితాలుగా ఇచ్చాయి. ఆ జాబితాలలో లేనివారికి అనుమతి లేదు. మాజీ మంత్రులు, మాజీ శాసనసభ్యులు, పదవీ విరమణ చేసిన ప్రభుత్వోద్యోగులు కూడా చిహ్నాన్ని వాడరాదని నియమాలు స్పష్టంగా పేర్కొన్నవి. సంఘాలు తమ లెటర్‌హెడ్లు, కరపత్రాలు, బ్యాడ్జీలు, జెండాలపై దీనిని ముద్రించుకొనరాదు.

యూనిఫారాలకు సంబంధించిన శిక్షలు

* భారతీయ న్యాయ సంహిత, 168వ సెక్షను: సైనికుడు కానివాడు, తాను సైనికుడనని ఇతరులు నమ్మాలన్న ఉద్దేశంతో సైనిక దుస్తులు ధరించినా, సైనిక గుర్తును పెట్టుకొన్నా మూడు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1కి ముందు ఇదే నేరం భారతీయ శిక్షాస్మృతిలోని 140వ సెక్షను క్రింద ఉండేది. అప్పటి జరిమానా పరిమితి 500 రూపాయలు.
* అదే సంహిత, 204వ సెక్షను: ప్రభుత్వోద్యోగిగా నటించి ఆ హోదాలో పని జరిపితే ఆరు నెలల నుండి మూడేళ్ళ వరకు జైలు, జరిమానా.
* అదే సంహిత, 319వ సెక్షను: మరొకరుగా నటించి మోసగిస్తే ఐదేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.
* అధికార రహస్యాల చట్టం, 1923, 6వ సెక్షను: నిషేధిత స్థలంలో ప్రవేశించుటకు అనుమతి లేకుండా సైనిక యూనిఫారం వాడుట కూడా నేరమే.

168వ సెక్షనులో ఉద్దేశం కీలకమైనది. పాఠశాల వార్షికోత్సవంలో సైనికుని వేషం కట్టిన విద్యార్థికి ఎవరినీ నమ్మించే ఉద్దేశం లేదు. ఉద్యోగం ఇప్పిస్తానని నిరుద్యోగుల వద్ద సొమ్ము వసూలు చేయుటకు అదే యూనిఫారం వేసుకొన్నవాడి ఉద్దేశం వేరు. అటువంటివానికి 319వ సెక్షను కూడా వర్తిస్తుంది.

2016 జనవరిలో పఠాన్‌కోట్ వైమానిక స్థావరంపై దాడి జరిగిన తరువాత, సైనిక నమూనా దుస్తులు ధరించవద్దని ప్రజలకు, అమ్మవద్దని దుకాణదారులకు సైన్యం విజ్ఞప్తి చేసినది. 2022 జనవరి 15న సైనిక దినోత్సవ కవాతులో ప్రదర్శించిన కొత్త యుద్ధ యూనిఫారం డిజైనును సైన్యం తన పేరిట నమోదు చేయించుకొన్నది. అనుమతి లేకుండా ఈ నమూనా గుడ్డను తయారుచేసి అమ్మేవారిపై మేధోసంపత్తి హక్కుల క్రింద కూడా చర్య తీసుకొనవచ్చును.

వివిధ వర్గాలకు వర్తింపు

శిక్షణా కేంద్రాలు

నంద్యాల బ్యాంకు ఉద్యోగ పరీక్షల శిక్షణకు పేరుపొందిన పట్టణం. ఇటువంటి పట్టణాలలో సైనిక నియామకాలకు కూడా శిక్షణ కోరే యువకులు ఉంటారు. శిక్షణ ఇచ్చుటకు చట్టపరమైన అడ్డు లేదు. సైన్యపు చిహ్నాన్ని బోర్డుపై, రసీదుపై, గుర్తింపు కార్డుపై ముద్రించినచో అది వ్యాపారానికి చిహ్నాన్ని వాడుట అవుతుంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్నదని భ్రమించి పేద కుటుంబం అప్పుచేసి ఫీజు కట్టే ప్రమాదం ఇందులో ఉన్నది. సైన్యంలో నియామకానికి దరఖాస్తులు అధికారిక వెబ్‌సైటు ద్వారానే స్వీకరిస్తారు. మధ్యవర్తులకు ఇందులో పాత్ర లేదు.

సెక్యూరిటీ సంస్థలు

2005 నాటి ప్రైవేటు భద్రతా ఏజెన్సీల చట్టం 21వ సెక్షను ప్రకారం సెక్యూరిటీ గార్డు సైన్యం, నౌకాదళం, వాయుసేన, ఇతర సాయుధ దళాలు లేదా పోలీసుల యూనిఫారాన్ని గాని, దానిని పోలిన దుస్తులను గాని ధరించరాదు. ధరించినచో గార్డుకే కాక ఏజెన్సీ యజమానికి కూడా సంవత్సరం వరకు జైలు, ఐదువేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. యజమాని ఇచ్చిన దుస్తులనే గార్డు వేసుకొంటాడు గనుక యజమానిని కూడా బాధ్యుని చేయుట సహేతుకం. మాజీ సైనికులు నడిపే ఏజెన్సీలకు ఈ నియమం నుండి మినహాయింపు లేదు.

మాజీ సైనికుల సంఘాలు

పతకం పొందిన మాజీ సైనికుడు దానిని ధరించుటను 1950 చట్టం నిషేధించదు. ఆ పతకం బొమ్మను వ్యాపార ప్రకటనలో వాడుట నిషిద్ధం. మాజీ సైనికుల సంఘం సేవా సంస్థయే అయినా రాజచిహ్నాన్ని తన లెటర్‌హెడ్డుపై ముద్రించుకొనరాదు. మాజీ సైనికుల సంక్షేమానికి కేంద్రీయ సైనిక బోర్డు, రాష్ట్ర, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నవి.

ఆళ్ళగడ్డ శిల్పులు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోని ఆళ్ళగడ్డ రాతి శిల్పాలకు ప్రసిద్ధి చెందినది. ఇటువంటి శిల్పశాలలకు దేవతామూర్తులతో పాటు వ్యక్తుల విగ్రహాలు చెక్కే పని కూడా వస్తుంది. అమరుడైన సైనికుని స్మారక విగ్రహం వ్యాపార చిహ్నం కాదు గనుక 1950 చట్టంలోని వ్యాపార నిషేధం దానికి నేరుగా వర్తించదు. విగ్రహంపై చూపే హోదా, పతకాలు ఆ సైనికుడు నిజంగా పొందినవే కావలెను. లేనిచో స్మారకమే తప్పుడు చరిత్రగా మిగులుతుంది. సింహ శీర్షాన్ని ప్రైవేటు భవన ద్వారానికి చెక్కి అమర్చుట వేరు విషయం. అది ప్రభుత్వ భవనమన్న భావన కలిగించినచో 2005 చట్టం వర్తిస్తుంది.

ఎన్నికల ప్రచారం

రక్షణ సిబ్బంది ఫొటోలను ప్రచార ప్రకటనలలో వాడవద్దని ఎన్నికల సంఘం 2013 డిసెంబరు 4న పార్టీలకు సూచించినది. లోక్‌సభ ఎన్నికలకు ముందు 2019 మార్చి 9న ఈ సూచనను గుర్తుచేసినది. సైన్యం రాజకీయాలకు అతీతమైనదని, ప్రచారంలో సైన్యాన్ని ప్రస్తావించునపుడు పార్టీలు జాగ్రత్త వహించాలని ఈ సూచనల సారాంశం. ఇవి దేశంలోని అన్ని నియోజకవర్గాల వలెనే నంద్యాల లోక్‌సభ, ఆళ్ళగడ్డ శాసనసభ నియోజకవర్గాలకు కూడా వర్తిస్తాయి.

ఎర్ర శిలువ గుర్తు

తెల్లని నేలపై ఎర్ర శిలువ వైద్యులందరి గుర్తు అని చాలామంది భావిస్తారు. ఇది యుద్ధభూమిలోని సైనిక వైద్య సేవలను కాపాడుటకు 1864 జెనీవా ఒప్పందంలో నిర్ణయించిన రక్షణ చిహ్నం. భారతదేశంలో 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం 12వ సెక్షను ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆమోదం లేకుండా దీనిని ఏ ప్రయోజనానికీ వాడరాదు. చట్టంలో 500 రూపాయల వరకు జరిమానా, గుర్తు ఉన్న వస్తువుల జప్తు పేర్కొన్నారు.

మందుల దుకాణాలు, ప్రైవేటు ఆసుపత్రులు, వైద్యుల కార్లపై ఈ గుర్తు తరచుగా కనబడుతుంది. శాంతి కాలంలో ఎవరుబడితే వారు వాడిన గుర్తుకు యుద్ధకాలంలో విలువ ఉండదు. ఈ గుర్తును చూచి కాల్పులు ఆపవలసిన సైనికుడు దానిని నమ్మకపోతే క్షతగాత్రుల ప్రాణాలకే ముప్పు.

అనుమతింపబడిన వినియోగం

సైనిక గుర్తులు పౌరుల చేతికి అధికారికంగా అందే సందర్భాలు కూడా ఉన్నవి. 1949 నుండి ప్రతి సంవత్సరం డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుగుతున్నది. ఆ రోజు ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న జెండాలు పంచి విరాళాలు సేకరిస్తారు. ఈ రంగులు వరుసగా సైన్యం, నౌకాదళం, వాయుసేనలకు సంకేతాలు. 1948 చట్టం క్రింద ఏర్పడిన నేషనల్ కేడెట్ కోర్ విద్యార్థులు తమ సంస్థ యూనిఫారం, బ్యాడ్జీలు ధరిస్తారు.

జాతీయ పతాకాన్ని పార్థివ దేహంపై కప్పుటకు కూడా హద్దులున్నవి. 1971 నాటి జాతీయ గౌరవ అవమాన నిరోధక చట్టం ప్రకారం ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియలు, సాయుధ దళాలు, అర్ధ సైనిక దళాల అంత్యక్రియలలో తప్ప పతాకాన్ని వస్త్రంగా కప్పుట నేరం.

ఇతర దేశాలలో

బ్రిటనులో 1894 నాటి యూనిఫారాల చట్టం సైనిక దుస్తుల దుర్వినియోగాన్ని నియంత్రిస్తున్నది. అమెరికాలో పతకాలు పొందానని అబద్ధం చెప్పుటనే నేరం చేసిన 2005 చట్టాన్ని, అది వాక్‌స్వాతంత్ర్యానికి విరుద్ధమని 2012లో ఆ దేశపు సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2013లో వచ్చిన కొత్త చట్టం ఆ అబద్ధం ద్వారా ధనం లేదా లాభం పొందగోరిన వారినే శిక్షిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షనుకు లాభంతో పని లేదు. సైనికుడనని నమ్మించే ఉద్దేశంతో యూనిఫారం ధరించినా, గుర్తు పెట్టుకొన్నా నేరం పూర్తవుతుంది.