సైకిలుకు తగిన బట్ట

1898 అక్టోబరులో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, ఆకమ్ అనే ఊళ్ళోని హాట్‌బాయ్ హోటలుకు ఒక ప్రౌఢ స్త్రీ సైకిలు తొక్కుకుంటూ వచ్చింది. ఆమె పేరు లేడీ హార్బర్టన్. ఒంటిమీద నేలనంటే గౌనుకు బదులు మోకాళ్ళ దగ్గర బిగించిన వదులు లాగు ఉంది. ఆ వేషంలో కాఫీ గదిలోకి రానివ్వనని హోటలు యజమానురాలు అడ్డుపడింది. కావాలంటే మగవాళ్ళు కూర్చుని తాగే పక్క గదిలో భోజనం పెడతానంది. సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ ఈ విషయమై వ్యాజ్యం నడిపింది. 1899లో తీర్పు యజమానురాలికే అనుకూలంగా వచ్చింది.

ఒక లాగు కోసం కోర్టు దాకా వెళ్ళవలసి రావడం ఇవాళ వింతగా తోస్తుంది. కాని ఆ తగాదా వెనుక సైకిలంత పాత ప్రశ్న ఒకటుంది: బట్టకూ యంత్రానికీ పొసగనప్పుడు ఏది మారాలి?

1885లో జాన్ కెంప్ స్టార్లీ కోవెంట్రీలో తయారుచేసిన రోవర్ సైకిలు, 1888లో డన్‌లప్ కనిపెట్టిన గాలి టైరు కలిసి సవారీని ఆడవారికి కూడా అందుబాటులోకి తెచ్చాయి. పొడవాటి గౌనులు మాత్రం చైనులోనూ స్పోకుల్లోనూ చిక్కుకునేవి. దీనికి రెండు పరిష్కారాలు పుట్టాయి. మొదటిది యంత్రాన్ని మార్చడం: ముందు కడ్డీని కిందికి వంచారు, చైనుకు కవరు తొడిగారు, వెనుక చక్రానికి దారాల వల అల్లారు. రెండవది బట్టను మార్చడం. 1881లో లండనులో స్థాపితమైన రేషనల్ డ్రెస్ సొసైటీ ఈ పక్షం వహించింది. దాని వెనుక ఉన్నదీ లేడీ హార్బర్టనే. స్త్రీల లోదుస్తుల బరువు ఏడు పౌనులు, అంటే మూడు కిలోల పైచిలుకు, మించరాదని ఆ సంఘం కోరింది. సంస్కర్తలు అడిగిన తక్కువే అంతయితే అప్పటి ఎక్కువెంతో ఊహించుకోవచ్చు! 1893లో టెస్సీ రేనాల్డ్స్ అనే పదహారేళ్ళ పిల్ల బ్రైటన్ నుంచి లండను వెళ్ళి తిరిగి రావడానికి, సుమారు 120 మైళ్ళకు, ఎనిమిదిన్నర గంటలు తీసుకుంది. లోకం ఆమె వేగం గురించి కన్నా తొడుక్కున్న లాగు గురించే ఎక్కువ మాట్లాడుకుంది.

మన దేశం ప్రధానంగా మొదటి దారి పట్టింది. మోటారు సైకిలు వెనుక చక్రం పక్కన ఉండే చీర గార్డు ఆ దారాల వలకు వారసురాలే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది దాన్ని తప్పనిసరి చేసింది.

మూడవ పరిష్కారం ఒకటుంది. దాన్ని ఏ సంఘమూ ప్రతిపాదించలేదు. 1960లలో మా అమ్మ పన్నెండేళ్ళ వయసులో గంటకింతని అద్దెకు తెచ్చిన మగవాళ్ళ సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకుందట. ఒకనాడు పరికిణీ అంచు చైనులో పడి చిరిగింది. దెబ్బ తగల్లేదు. అయినా మా అమ్మమ్మ ఆ రోజుతో సైకిలు మాన్పించేసింది. బట్టా మారలేదు, యంత్రమూ మారలేదు, సవారీయే పోయింది.

మగవారి బట్టల మీద చూపు లేదనుకోకూడదు. 1890లలో ఇంగ్లండు రోడ్ల మీద పోటీలంటే పోలీసులతో చిక్కు. అందుకని పందెగాళ్ళు మెడ నుంచి చీలమండల దాకా నల్లబట్టలు తొడుక్కుని తెల్లవారుజామున బయలుదేరేవారు. ఎవరి కంటా పడకూడదనే ఆ వేషం. 1924 టూర్ డ ఫ్రాన్స్‌లో, చలికి వేసుకున్న జెర్సీని దారిలో పారేయరాదన్న నిబంధన ఉండేది. ఒక అధికారి తన జెర్సీలు లెక్కపెట్టాడని ఆగ్రహించి, అంతకుముందు ఏటి విజేత ఆన్రీ పెలిసియే పోటీ నుంచే తప్పుకున్నాడు.

అప్పటి జెర్సీలు, లాగులు ఉన్నివి. తడిస్తే బరువెక్కి జారేవి. లాగు లోపల కుట్టిన మెత్తటి తోలు ఉతికి ఆరేస్తే అట్టలా బిగుసుకునేది. క్రీము రాసి మళ్ళీ మెత్తబరచుకోవాలి. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ రూపొందించిన సాగే దారం, లైక్రా అన్న పేరుతో, దీన్ని మార్చింది. 1970ల ద్వితీయార్ధంలో ఇటలీలోని కాస్టెల్లి, స్విట్జర్లాండులోని ఆసోస్ ఆ దారంతో సైకిలు లాగులు తెచ్చాయి. చదునైన రోడ్డు మీద వేగంగా పోయేవారిని ఆపేది ముఖ్యంగా గాలి. ఆ గాలికి అడ్డు నిలిచేది సైకిలు కన్నా శరీరమే ఎక్కువ. రెపరెపలాడే బట్ట ఆ అడ్డును పెంచుతుంది. అంతకన్నా ముఖ్యం, ముడత లేని బట్ట తొడను ఒరుసుకోదు. లోపలి మెత్త కూడా పరుపు కాదు. చెమటను పీల్చి ఒరిపిడిని తగ్గించేది. దాని కింద లోదుస్తు వేసుకోకపోవడానికి కారణం, ఆ కుట్లే పుండ్లు చేస్తాయి కనుక.

ఇదంతా చదివి తెలుసుకున్న తరువాత కూడా, నలభై అయిదో ఏట అది తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డప్పుడు నాకు చరిత్ర ఏదీ అక్కరకు రాలేదు. పొట్ట, తొడలు, ఇన్నేళ్ళుగా చున్నీ చాటున, కుర్తా చాటున దాచినదంతా అక్కడ ఉంది. మొదటి వారాల్లో పైన పొడవాటి చొక్కా వేసుకున్నాను. అది సీటు ముక్కుకు తగులుకుంటూ ఉండేది. తరువాత మానేశాను. ఒక ఉదయం నలభై కిలోమీటర్లు తొక్కి, ఊరి బయట ఒక టిఫిను హోటల్లో ఆగాను. నాతో వచ్చిన ఇద్దరు మగవాళ్ళవీ అవే బట్టలు. సర్వరు వాళ్ళకు హాల్లో బల్ల చూపించి, నాతో మర్యాదగానే, "మేడమ్, ఫ్యామిలీ రూమ్ లోపలుందండీ" అన్నాడు. నేను హాల్లోనే కూర్చుని ఇడ్లీ తిన్నాను. కొందరు చూశారు. ఇడ్లీ చల్లారక ముందే చూడటం మానేశారు.

అయితే బిగుతు దుస్తులు లేనిదే సవారీ లేదనడం నా ఉద్దేశం కాదు. 1991 ప్రాంతంలో తమిళనాడులోని పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు లక్షకు పైగా స్త్రీలు సైకిలు నేర్చారు. ఆడవారి సైకిళ్ళు చాలక మగవారి సైకిళ్ళు కొనుక్కున్నారు. ముందు కడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చునని ఇష్టపడి మరీ కొన్నారు. ఎగతాళి వాళ్ళూ పడ్డారు, నిండా చీర కట్టుకుని. కాబట్టి అభ్యంతరం బట్ట పొడవును బట్టి వస్తుందని నేను నమ్మను.

మా అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. మొదట్లో ఆ లాగును దండెం మీద వేసి, పైన తుండు కప్పేది. ఒకరోజు దాన్ని చేత్తో సాగదీసి చూసి, "ఇది చైనుకు అందదు కదే?" అని అడిగింది. అందదన్నాను. ఇప్పుడు తుండు కప్పడం లేదు. లోపలి మెత్తకు ఎండ తగలాలని తిరగేసి మరీ ఆరేస్తోంది.