'డ్రై'కి ఎదురుమాట ఏది?

మా పక్కింటి పాప తన ఇంగ్లీషు నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఎదురుమాటలు రాయమని పది పదాలిచ్చారు. తొమ్మిదింటికి రైటు పడింది, ఒక్కదానికి ఎర్రసిరాతో ఇంటూ. 'డ్రై' అన్న మాటకు ఎదురుగా పాప 'ఫుల్' అని రాసింది.

"ఇది యాల తప్పు మామా? మన డ్యాం ఎండకాలంలో ఎండిపాయ కదా, వానొస్తే నిండె కదా?" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కెలవరపల్లి పక్కన పెరిగే బిడ్డకు 'డ్రై' అనగానే కళ్లముందు ఏం మెదులుతుంది? దక్షిణ పినాకిని మీది ఆనకట్టే కదా. నంది కొండల్లో పుట్టి, బెంగళూరు పక్కగా వచ్చి, హొసూరు దగ్గర తమిళనాడులో అడుగుపెట్టే ఈ ఏటికి మొదట అడ్డం నిలిచేది కెలవరపల్లి డ్యామే. నిండు మట్టం 44.28 అడుగులు. కుడి కాలువ, ఎడమ కాలువ కలిపి 8,000 ఎకరాల ఆయకట్టు. ఇక్కడ ఎండడానికి ఎదురు నిండడమే. ఎండింది, నిండింది. ప్రాస కూడా కుదిరింది. పాప రాసినది తప్పని నాకు ఇప్పటికీ మనసొప్పదు.

అసలు ఈ ఎదురుమాటల లెక్క ఎక్కడ పుట్టిందని వెతికితే, అదేమంత పాతది కాదు. మన పాత చదువులో అమరకోశం బట్టీ పట్టించారు, అది పర్యాయపదాల పుస్తకం. దాని చివర నానార్థాలకూ ఒక వర్గం ఉంది. తెలుగులో పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహం కూడా ఆ దారిలోదే. ఒకే వస్తువుకు ఎన్ని పేర్లు, ఒకే పేరుకు ఎన్ని అర్థాలు అన్నదాని మీదే వాళ్ల శ్రద్ధంతా. పద్యం అల్లేవాడికి కావలసింది కూడా అదే. మాటకు ఎదురుమాట పెట్టి పిల్లలచేత అప్పజెప్పించే పాఠం మనకు ఇంగ్లీషు బడితోనే బాగా అలవాటైంది.

ఇంగ్లీషులోనూ దానికి పెద్ద వయసేమీ లేదు. 1852లో పీటర్ మార్క్ రోజే తన థెసారస్ అచ్చువేశాడు. వెయ్యి భావాల కింద మాటలన్నిటినీ సర్ది, ఎదురెదురు భావాలను ఒకే పేజీలో రెండు వరుసల్లో పక్కపక్కన నిలిపాడు. మన బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది కూడా ఆ 1852లోనే. ఇక 'యాంటొనిమ్' అన్న పేరును 1867లో చార్లెస్ జాన్ స్మిత్ అనే క్రైస్తవ మతాచార్యుడు తన పుస్తకం కోసం కల్పించాడు. 'సినొనిమ్' అప్పటికే ఉంది, దానికి ఎదురుమాట లేదు. ఎదురుమాటకు పేరు పెట్టవలసి వచ్చి, ఆయన ముందు 'సినొనిమ్'కే ఒక ఎదురుమాట తయారుచేసుకున్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆగ్డెన్ పట్టిక. 1930లో సి.కె. ఆగ్డెన్ 'బేసిక్ ఇంగ్లీషు' అని 850 మాటలతో ఒక చిన్న ఇంగ్లీషును కట్టాడు. అందులో గుణాలు చెప్పే మాటలు 150. వాటిలో నూరింటిని మామూలు మాటలన్నాడు, తక్కిన యాభైకి 'ఎదురుమాటలు' అనే పేరు పెట్టి వేరే వరుసలో నిలిపాడు. ఆ వరుస చదువుతూ పోతే ఎక్కడ లెక్క తప్పుతుందో తెలుస్తుంది. మామూలు మాటల్లో 'రైట్' ఒక్కటే ఉంది, ఎదురు వరుసలో దానికోసం 'లెఫ్ట్', 'రాంగ్' రెండూ కూర్చున్నాయి. అటు 'న్యూ', 'యంగ్' రెండుంటే ఇటు 'ఓల్డ్' ఒక్కటే. 'టాల్', 'లాంగ్' రెండింటికీ 'షార్ట్' ఒక్కటే. మనకైతే కుడికి ఎడమ, ఒప్పుకు తప్పు, కొత్తకు పాత, పడుచుకు ముసలి. మనిషైనా కర్రైనా పొడుగుకు పొట్టి ఒక్కటే చాలు. రెండు భాషలు లోకాన్ని ఒకేచోట కోయలేదు. ఒకచోట అతికి ఉన్నది ఇంకోచోట తెగి ఉంది.

'డ్రై' సంగతికొస్తే ఆ కోత ఇంకా బాగా కనిపిస్తుంది. మా ఇంట్లోనే చూడండి. దండెం మీది బట్టలు ఆరతాయి, వాటికి ఎదురు తడిబట్టలు. మిద్దె మీది మిరపకాయలు ఎండతాయి, ఎండుమిరపకు ఎదురు పచ్చిమిరప. కొబ్బరి, చేప, గడ్డి అన్నీ అంతే, ఎండుకు పచ్చి. పచ్చిమిరపకాయను తడిమిరపకాయ అన్నవాడిని ఏ అంగట్లోనైనా వింతగా చూస్తారు. పిండి పొడిగా ఉంటుంది, దానికి ఎదురు తడిపిండి. ఆవు పాలివ్వడం మానితే వట్టిపోయిందంటాం, దానికి ఎదురు పాడి ఆవు. ఇన్నింటికీ ఇంగ్లీషులో 'డ్రై' ఒక్కటే.

ఇందులో ఒక్క సంగతి దగ్గరగా చూడాలనిపిస్తుంది. ఎండు అన్న మాటలోనే ఎండ ఉంది. మన ఎండడం సూర్యుడు చేసే పని. అందుకే ఎండకు ఎదురుమాట అడిగితే ఒకరు నీడ అంటారు, ఇంకొకరు వాన అంటారు, ఇద్దరూ ఒప్పే. ఆరడం అలాంటిది కాదు. దీపం ఆరుతుంది, మంట ఆరుతుంది, బట్టా ఆరుతుంది. ఉన్న ఉద్రేకమో వేడో తడో మెల్లగా సద్దుమణగడం అది. తమిళంలో అదే ధాతువు చల్లబడడానికీ, పుండు మానడానికీ పనికొస్తుంది. ఇంగ్లీషు 'డ్రై' చుట్టం కరువును చెప్పే 'డ్రౌట్', 'వెట్' చుట్టం నీళ్లను చెప్పే 'వాటర్'. వాళ్ల మాటలు నీటిని చూసి పుట్టాయి, మన ఎండు సూర్యుణ్ణి చూసి పుట్టింది.

ఇక పొలానికి వద్దాం. హొసూరు, కృష్ణగిరి వైపు 'డ్రై' అన్న ఇంగ్లీషు మాట మొదట కాలు పెట్టింది పొలం లెక్కల్లోనే అని నా నమ్మకం. 1792లో శ్రీరంగపట్నం ఒప్పందంతో కృష్ణగిరి వైపు బారామహల్ సీమ కుంఫిణీ చేతికొచ్చింది. అలెగ్జాండర్ రీడ్, అతని కింద థామస్ మన్రో, 1799 దాకా ఇక్కడే ఉండి భూములు కొలిచి శిస్తు నిర్ణయించారు. 1799లో టిప్పు పడిపోయాక హొసూరు వైపు బాలాఘాటు కూడా వాళ్లదైంది. వాళ్ల లెక్కల పుస్తకాల్లో భూమి రెండు రకాలు, 'డ్రై', 'వెట్'. అంతకుముందు ఫారసీ లెక్కల్లో ఉన్న ఖుష్కీ, తరీ అనే మాటల అర్థమూ అదే, పొడి, తడి. సర్కారు చూపు నీళ్ల మీద ఉంది, ఎందుకంటే శిస్తు నీళ్లను బట్టి పెరుగుతుంది.

రైతు చూపు అది కాదు. తెలుగువాడు మెట్ట, పల్లం అన్నాడు. అంటే ఎత్తు నేల, దిగువ నేల. నీళ్లు ఎటు పారతాయో ఆ మాటల్లోనే ఉంది, తడి అని వేరే చెప్పనక్కర్లేదు. తమిళం వాళ్లు నంజై, పుంజై అన్నారు. నన్-సెయ్ అంటే మంచి చేను, పున్-సెయ్ అంటే నాసి చేను. ఈ రోజుకీ మా వైపు భూమి చిట్టా తీస్తే అందులో కనబడేవి ఈ రెండు మాటలే. ఒకే గట్టుకు అటొకటి ఇటొకటి ఉన్న రెండు చేలను నాలుగు భాషలు చూశాయి. ఇంగ్లీషూ ఫారసీ తేమను చూశాయి, తెలుగు ఎత్తును చూసింది, తమిళం మంచిని చూసింది. కాబట్టి 'డ్రై'కి ఎదురు ఒకచోట తడి, ఒకచోట పల్లం, ఒకచోట మంచి. రాగులూ ఉలవలూ పండే పుంజను నాసి అనడం మాత్రం నాకు కష్టంగానే ఉంటుంది. మా వైపు తరాలను బతికించింది ఆ రాగిముద్దే.

నీళ్లకూ ఇదే కథ. మంచినీళ్లకు ఎదురు చెడ్డనీళ్లు కాదు, ఉప్పునీళ్లు. బెంగళూరు మురుగు కలిసి కెలవరపల్లి గేట్ల దగ్గర తెల్లటి నురగ కొండలా పేరుకుపోతుంటుంది. ఆ నీళ్లు ఉప్పగా లేవు, అయినా మంచినీళ్లు అనలేం. ఆ నీళ్లకు సరైన మాట మన పెద్దలు చేసిపెట్టలేదు, వాళ్లకు ఆ అవసరం రాలేదు. రాకుండా ఉండవలసింది.

'డ్రై' ఇంకో వేషంలో కూడా మా ఊళ్లకు వచ్చింది. హొసూరు పక్క తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ మద్రాసు ప్రీమియర్‌గా 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. హొసూరు తాలూకా అప్పుడు సేలం జిల్లాలోదే, కృష్ణగిరి జిల్లా వచ్చింది 2004లో కదా. కల్లూ సారా లేని జిల్లాను ఇంగ్లీషులో 'డ్రై' జిల్లా అంటారు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో నిషేధం నడిచిన రోజుల్లో దాన్ని కోరినవాళ్లు 'డ్రై'లు, వద్దన్నవాళ్లు 'వెట్'లు. తెలుగులో తడి జిల్లా అని ఎవరూ అనరు. సారా ఉంది, సారా లేదు, అంతే. ఇక్కడ ఎదురుమాట గుణంలో లేదు, క్రియలో ఉంది.

ఆ క్రియ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మన భాషల బలం అక్కడే ఉంది. ఉందికి లేదు, అవునుకు కాదు, కావాలికి వద్దు, తెలుసుకు తెలియదు. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'నో', 'నాట్' తోడు తెచ్చుకోవాలి. 'వాంట్' అన్న మాటకు ఎదురుగా ఒంటిమాట చెప్పమంటే వాళ్ల దగ్గర లేదు. మా హొసూరు సంతలో మూడు భాషల్లోనూ ఉంది, తెలుగులో వద్దు, తమిళంలో వేండాం, కన్నడంలో బేడ. చేయాలి అన్నదానికి ఎదురడిగితే మనం రెండు చెప్పాలి, చేయకూడదు, చేయనక్కర్లేదు. ఒకటి ఆపుతుంది, ఇంకొకటి వదిలేస్తుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకుంటే ఇళ్లలోనే కాదు, కోర్టుల్లో కూడా తగాదాలు వస్తాయి.

బడిలో మాత్రం దీన్ని ముందు ఒక అక్షరం తగిలించే పనిగా నేర్పుతారు. ధర్మానికి అధర్మం, 'హ్యాపీ'కి 'అన్‌హ్యాపీ'. సంస్కృత వైయాకరణులు ఇంత తేలికగా తీసుకోలేదు. నఞ్ అనే ఆ 'అ'కారానికి ఆరు అర్థాలు చెప్పారు, సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం. ఎదురు అనేది ఆరింటిలో ఒకటి మాత్రమే. అమూల్యం అంటే విలువ లేనిది కాదు, విలువ కట్టలేనిది. ఇంగ్లీషు 'ఇన్‌వాల్యుబుల్' కూడా అచ్చం అలాంటిదే, దాన్ని 'వాల్యుబుల్'కు ఎదురుగా రాసిన పిల్లలను నేను చూశాను. హొసూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెట్రోలు ట్యాంకర్ల వెనుక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని రాసి ఉంటుంది. అక్కడి 'ఇన్' కాదనే 'ఇన్' కాదు, మంట అంటుకునేదనే అర్థం. దాన్ని అంటుకోనిదని చదివి ప్రాణం మీదికి తెచ్చుకుంటారనే భయంతో అమెరికాలో అగ్నిప్రమాద నివారణ సంఘం 1920ల నుంచీ 'ఫ్లేమబుల్' అనే రాయాలని పట్టుబట్టింది. ఎదురుమాట పొరపాటు పరీక్షలో ఒక మార్కు, రోడ్డు మీద ఒక ప్రాణం.

ఇదంతా పాపకు చెప్పలేదు. "పరీక్షలో 'వెట్' అని రాయి. నీ మాట తప్పు కాదు, అది డ్యాంకి. వాళ్లడిగింది బట్టలకి," అన్నాను.

"మరి మా ఆవుకి?" అంది.

అరుగు మీద కూర్చున్న వాళ్ల అవ్వ అందుకుంది. "వట్టిపోయిన ఆవుకి ఎదురు పాడావు. అది కూడా తెలీదా పాపా?"

"చేనుకి?"

అవ్వ ఈసారి కొంచెం ఆగింది. "ఎండిపోయినా దున్నలేం, బురదగా ఉన్నా దున్నలేం. మట్టి పిడికిట్లో పట్టుకుంటే ముద్దయ్యి, వదిలితే పొడవ్వాల. అది పదును. ఆ పొద్దే మడక కట్టాల."

పాప నోటుపుస్తకం చివరి పేజీ తిప్పి తెలుగులో రాసుకుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు చదివే బిడ్డ, తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చింది. డ్యాంకి నిండె. మిరపకాయకి పచ్చి. ఆవుకి పాడి. కింద 'పదును' అని రాసి, దానికి ఎదురుగా ఒక గీత గీసి, ఆ గీత మీద ఏం రాయాలో తోచక పెన్సిలు నోట్లో పెట్టుకుని కూర్చుంది.