మైకు ఎవరి చేతిలో? క్యాంపస్ రేడియో 90.4 కథ

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది కాలేజీ రేడియో గురించి, అందులో పాటలు వేసి కబుర్లు చెప్పే స్టూడెంట్ డీజే గురించి. డీజే అనగానే మన మల్కాజ్‌గిరిలో, తార్నాకలో ఎవరికైనా గుర్తొచ్చేది బారాత్, లేదా గణేశ్ నిమజ్జనం. లారీ మీద పెద్ద పెద్ద బాక్సులు, కిటికీ అద్దాలు అదిరిపోయే మోత. అసలు ఆ మాట పుట్టింది మాత్రం రేడియోలో. డిస్క్ జాకీ, అంటే గ్రామఫోను రికార్డులు వేస్తూ మధ్యలో మాట్లాడే మనిషి. మనం ఇప్పుడు ఆర్జే అంటున్నామే, ఆ పనే.

అమెరికాలో 1936లోనే బ్రౌన్ యూనివర్సిటీ కుర్రాళ్ళు హాస్టల్ గదుల మధ్య తీగలు లాగి సొంతంగా ప్రసారాలు మొదలుపెట్టారు. 1948లో అక్కడి ప్రభుత్వం 10 వాట్ల చిన్న స్టేషన్లకి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. దాంతో కాలేజీ కాలేజీకీ ఒక రేడియో తయారైంది. మరి మన దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో ఎప్పుడు వచ్చింది? 2004లో. ఇంత ఆలస్యం ఎందుకైంది? మన పిల్లలకి మాటలు రాకనా? టెక్నాలజీ లేకనా? రెండూ కావండి. చూద్దాం.

మొదట హైదరాబాదు సంగతి. ఇక్కడ రేడియో పుట్టింది ఒక ఔత్సాహికుడి చేతుల్లో. మహబూబ్ అలీ అని తపాలా శాఖ ఉద్యోగి. అబిడ్స్ దగ్గర చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల స్టేషన్ నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసేసుకుంది. అది తర్వాత దక్కన్ రేడియో అయింది. 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. అంటే ఒక మనిషి సరదాగా మొదలుపెట్టింది మొదట నిజాం సర్కారు చేతికి, అక్కడినుంచి ఢిల్లీ సర్కారు చేతికి పోయింది.

అదే కాలంలో తార్నాక పక్కన ఏం జరుగుతోంది? ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. ఆర్ట్స్ కాలేజీ భవనం 1939 డిసెంబరులో ప్రారంభమైంది. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1938లో, హాస్టళ్ళలో విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు. వినలేదు. హాస్టళ్ళ నుంచీ కాలేజీల నుంచీ పంపించేశారు. ఉద్యమం జిల్లాలకి పాకింది. వరంగల్లులో చదువుతున్న పి.వి. నరసింహారావు కూడా అలా చదువు పోగొట్టుకుని, నాగపూర్ వెళ్ళి చదువుకోవాల్సి వచ్చింది. ఒకసారి ఆలోచించండి. హాస్టల్లో, మైకు కూడా లేకుండా పాడిన పాటకే అంత శిక్ష పడితే, అదే పిల్లల చేతికి ట్రాన్స్‌మీటర్ ఎవరిస్తారు?

సరే, స్వాతంత్ర్యం వచ్చింది కదా, అప్పుడైనా ఇచ్చారా అంటే, లేదు. ఎందుకంటే చట్టం పాతదే. 1885 టెలిగ్రాఫ్ చట్టం. ఆంగ్లేయులు తంతి తీగల కోసం రాసుకున్నది. ఆ చట్టం కింద ప్రసారం చేసే అధికారం ప్రభుత్వానిది. లైసెన్సు లేకుండా చిన్న ట్రాన్స్‌మీటర్ పెట్టుకున్నా నేరమే.

1969లో ఆకాశవాణి యువవాణి మొదలుపెట్టింది. మంచి కార్యక్రమం. హైదరాబాదులోనూ ఎంతోమంది కాలేజీ పిల్లలు మొదటిసారి మైకు ముందు కూర్చున్నది దాని పుణ్యమే. కవిత చదివారు, నాటిక వేశారు, పాటలు పరిచయం చేశారు. కానీ అదే 1969లో ఉస్మానియా క్యాంపస్ తెలంగాణ ఉద్యమంతో అట్టుడికిపోతోంది. ఆ మాట ఆ మైకులో చెప్పగలరా? ఆకాశవాణికి తన నియమావళి ఉంది. ప్రభుత్వాల మీద ఘాటు విమర్శకి అందులో చోటు లేదు. కుర్రాడి గొంతు కావాలి, కుర్రాడి కోపం వద్దు. అలా ఉండేది పరిస్థితి.

ఇంకో తమాషా చూడండి. తార్నాక చుట్టుపక్కల చదువు చెప్పే పరికరాలకి లోటు లేదు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచీ ఉంది. 1984 ఆగస్టు 15న యూజీసీ వాళ్ళు దూరదర్శన్‌లో దేశవ్యాప్త తరగతి గది కార్యక్రమం మొదలుపెట్టారు. దానికి పాఠాలు తయారుచేసే కేంద్రాల్లో ఒకటి ఉస్మానియాలో ఉండేది, ఇంకొకటి పక్కనే సీఫెల్‌లో, అంటే ఇప్పటి ఇఫ్లూలో. స్టూడియోలు ఉన్నాయి, కెమెరాలు ఉన్నాయి, నేర్పేవాళ్ళు ఉన్నారు. ప్రసారం మాత్రం ఢిల్లీ నుంచే.

తలుపు తెరిచింది ఎవరో తెలుసా? క్రికెట్! 1993లో హీరో కప్ ప్రసార హక్కుల్ని బెంగాల్ క్రికెట్ సంఘం ఒక విదేశీ సంస్థకి ఇచ్చింది. ప్రభుత్వం కుదరదంది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటిమీద ప్రభుత్వానికి గుత్తాధిపత్యం ఉండకూడదని దాని సారాంశం. ఆ ధర్మాసనంలో జస్టిస్ పి.బి. సావంత్‌తో పాటు మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. విడిగా రాసిన తన తీర్పులో ఆయన, గుత్తాధిపత్యం ప్రభుత్వం చేతిలో ఉన్నా ప్రమాదమే, డబ్బున్న ప్రైవేటువాళ్ళ చేతిలో ఉన్నా ప్రమాదమే అన్న ధోరణిలో హెచ్చరించారు. తర్వాత వచ్చిన ఎఫ్ఎం స్టేషన్లు విన్నప్పుడల్లా ఆ హెచ్చరిక గుర్తుకు రావాలి.

తీర్పు వచ్చినా పని వెంటనే కాలేదు. 2002 చివర్లో ప్రభుత్వం విద్యాసంస్థలకి మాత్రం అనుమతి ఇస్తామంది. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం అన్నా ఎఫ్ఎం మొదలుపెట్టింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకీ తలుపు తీశారు. అప్పుడు జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో వచ్చింది, 2008 అక్టోబరు 15న. నడిపేది దళిత మహిళలు. 2011లో గచ్చిబౌలిలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో బోల్ హైదరాబాద్ వచ్చింది. భీమవరంలో ఇంజినీరింగు కాలేజీ వాళ్ళది రేడియో విష్ణు.

వీటిలో ఒక పోలిక ఉంది. అన్నీ 90.4 మీదే. ఎలా కుదురుతుంది? పవర్ తక్కువ కాబట్టి. 100 వాట్లు. అంటే పాతకాలం గుండు బల్బు ఒకటి తినేంత. టవరు 30 మీటర్లు దాటకూడదు. పది, పదిహేను కిలోమీటర్లు పోతే సిగ్నల్ పలచబడిపోతుంది. గచ్చిబౌలిలో మాట్లాడితే తార్నాకలో పట్టుకోవడం కష్టం. అందుకే ఊరికొక 90.4 ఉన్నా ఒకదానికొకటి అడ్డం రాదు.

ఇక అక్కడ కూర్చునే స్టూడెంట్ పని. బయటినుంచి చూస్తే సులువు. లోపల ఒక చెయ్యి మిక్సర్ మీద, ఒక కన్ను గడియారం మీద. పాటలో మాట మొదలయ్యేలోపు తన మాట ముగించాలి. మాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం వస్తే వినేవాడు వెంటనే స్టేషన్ మారుస్తాడు. సినిమా పాటలు వేద్దామంటే రాయల్టీ కట్టాలి, చిన్న స్టేషన్‌కి అది భారం. దాంతో పిల్లలు రికార్డర్ పట్టుకుని బస్తీల్లోకి వెళ్తారు. ఇళ్ళలో పనిచేసే అమ్మ పాడే బతుకమ్మ పాట, ఆటో అన్న చెప్పే పెట్రోలు లెక్క, మెస్ వంటాయన ఊరి సంగతి. డబ్బు లేకపోవడమే ఇక్కడ కొత్త దారి చూపించింది. నిబంధన కూడా అదే చెప్తుంది, కనీసం సగం కార్యక్రమాలు స్థానికంగా తయారు కావాలి అని.

కానీ ఒక ముడి మిగిలిపోయింది. వార్తలు, రాజకీయాలు చెప్పకూడదు. తర్వాత కొంచెం సడలించి ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు మళ్ళీ వినిపించుకోవచ్చు అన్నారు. సొంత వార్త మాత్రం వద్దు. క్యాంపస్‌లో ఫీజు పెరిగితే, హాస్టల్‌లో నీళ్ళు రాకపోతే అది వార్తా, సమాచారమా? గీత ఎక్కడ గీయాలి? ఇరవై ఏళ్ళ పిల్లవాడు రోజూ ఆ గీత దగ్గర నిలబడి, ఈ మాట అనాలా వద్దా అని ఆలోచించుకోవాలి. 1969లో యువవాణి మైకు ముందు కూర్చున్నవాడి ఇబ్బందీ అదే.

ఇప్పుడు ఫోనుంటే చాలు, పాడ్‌కాస్ట్ చేసుకోవచ్చు, రేడియో ఎందుకు అంటారు కొందరు. నిజమే. కానీ పాడ్‌కాస్ట్ వినాలంటే డేటా కావాలి, వెతికి పట్టుకోవాలి. చవక రేడియో సెట్టుకి డేటా అక్కర్లేదు. పైగా పాడ్‌కాస్ట్ ఎక్కడో ఉన్నవాడికి కూడా, 90.4 మాత్రం పక్క వీధివాడికి. పక్క వీధివాడితో మాట్లాడటం నేర్చుకున్న విద్యార్థి రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా ఆ అలవాటు పోదు.

చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్లతో మొదలైన రేడియో, సర్కార్ల చేతులు మారి, డెబ్బై ఏళ్ళకి మళ్ళీ 100 వాట్ల దగ్గరికి వచ్చింది. తరంగాలు ప్రజలవి అని కోర్టు చెప్పి ముప్ఫై ఏళ్ళు దాటింది. వార్త చెప్పే హక్కు ఇంకా బాకీ ఉంది. మీ కాలేజీలో రేడియో ఉందా? ఉంటే అందులో ఏం మాట్లాడనిస్తున్నారు? మీ పిల్లల్ని అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.