బడికి వర్చువల్ క్లాసు: యర్రగొండపాలెం వైపు ఏ సామాను, ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుంది?

నల్లమల అంచున ఉన్న ఊరు యర్రగొండపాలెం. ఊరి సెంటర్లో సిగ్నల్ బాగున్నంత మాత్రాన అడవి లోపలి పాలుట్ల లాంటి చెంచు గూడెంలోనూ బాగుంటుందని చెప్పలేం. అందుకే ఇక్కడి బడులకు ఏది కొన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నెట్ పోయిన రోజు పాఠం నడుస్తుందా?

ఇప్పటిదాకా జరిగింది

2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. 2020 లాక్‌డౌన్‌లో బడులు మూతపడితే దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు వచ్చాయి. అప్పటి విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ యర్రగొండపాలెం ఎమ్మెల్యేనే. 2022 డిసెంబర్ 21న 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు ట్యాబుల పంపిణీ మొదలైంది. బైజూస్ పాఠాలను వాటిలో ముందే నింపి ఇచ్చారు కాబట్టి నెట్ లేకున్నా చూసుకోవచ్చు. అయితే 2024 జూలైలో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠాలన్నీ ఒకే కంపెనీ యాప్‌లో ఉంటే వచ్చే ఇబ్బంది ఇదే. కంపెనీకి ఏమైనా అయితే కొత్త పాఠాలు ఎవరిస్తారు?

సాఫ్ట్‌వేర్

జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 60 నిమిషాలు. బిగ్‌బ్లూబటన్, జిట్సీ, మూడుల్ ఓపెన్ సోర్స్‌వి. లైసెన్స్ ఫీజు ఉండదు కానీ సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషి కావాలి. ఒక్క బడికి అది భారమే. జిల్లా మొత్తానికి కలిపి పెట్టుకుంటే మేలు. కొలిబ్రి అనేది నెట్ లేని చోట్ల కోసమే తయారైంది. బడిలో ఒక చిన్న కంప్యూటర్‌లో పాఠాలు నింపి, వైఫైతో తరగతి మొత్తానికి చూపించవచ్చు. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్‌లో కూడా పాఠాలను ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు.

డేటా, కరెంటు

వీడియో క్లాసుకు గంటకు దాదాపు 1 జీబీ ఖర్చవుతుంది. మాట మాత్రమే వినిపిస్తే 50 ఎంబీ లోపే. అబ్బా ఫోన్‌ను పనికి తీసుకెళ్తే, ఇంట్లో ముగ్గురు పిల్లలు ఒక్క ఫోన్‌తో సర్దుకోవాలంటే, లైవ్ క్లాసు కన్నా రికార్డు చేసిన పాఠమే నయం. రాత్రి ఫోన్ ఇంటికొచ్చాక చూసుకుంటారు. మార్కాపురం పలకకు చార్జింగ్ అక్కర్లేదు, ట్యాబుకు కావాలి. కాబట్టి ఇన్వర్టర్, స్టెబిలైజర్, రిపేరు ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే వేసుకోవాలి.

ఉర్దూ మాటేమిటి?

రాష్ట్రంలో 2022 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. కొనే ముందే ఒక ఉర్దూ ప్రశ్నపత్రం తెరిచి చూడాలి. రాత కుడి నుంచి ఎడమకు సరిగ్గా వస్తోందా, అక్షరాలు విడిపోతున్నాయా, జవాబు టైపు చేయడానికి కీబోర్డు ఉందా? కొన్నాక చూసుకుంటే లాభం లేదు.

పిల్లల భద్రత

2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ జూమ్ వాడకంపై హెచ్చరిక ఇచ్చింది. ఏ యాప్ అయినా పాస్‌వర్డ్, వెయిటింగ్ రూమ్ తప్పనిసరి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారిని పిల్లలుగానే లెక్కేస్తుంది. వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది అందులోని నియమం. ఆడపిల్లల ఫోటో, ఫోన్ నంబరు అడిగితే ఎందుకో చెప్పమనండి.

తల్లిదండ్రులు అడగాల్సినవి

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. అమ్మీలు కూడా మీటింగ్‌కు వెళ్లి ఈ నాలుగూ అడగాలి:

1. నెట్ లేకుండా ఎన్ని పాఠాలు నడుస్తాయి?
2. చెడిపోతే ఎవరు బాగుచేస్తారు, ఎన్ని రోజుల్లో?
3. కంపెనీ మారితే పిల్లల మార్కులు, పాఠాలు బడి చేతికి వస్తాయా?
4. ఫోన్ లేని పిల్లవాడికి ఏం ఏర్పాటు?

నాలుగో ప్రశ్నకు జవాబు దొరకకపోతే, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ తెచ్చినా ఆ పిల్లవాడికి క్లాసు లేనట్టే.