వెండి సిరా యాంటెనా

యాంటెనాని సిరాతో అచ్చు వేస్తారంటే నమ్ముతారా? మన పెళ్ళి శుభలేఖలకి వాడే స్క్రీన్ ప్రింటింగే, కాకపోతే సిరాలో వెండి పొడి కలుపుతారు!

దీని మూలం రెండో ప్రపంచ యుద్ధంలో ఉంది. లక్ష్యం దగ్గరకి రాగానే పేలాలంటే మోర్టార్ గుండు ముక్కులో బుల్లి రేడియో ఇమడాలి. తీగలకి చోటేదీ? మిల్వాకీలోని సెంట్రలాబ్ కంపెనీ పింగాణీ పలక మీద వెండి సిరాతో సర్క్యూట్ అచ్చు వేసి కాల్చింది.

యాంటెనాని కూడా పొరలు పొరలుగా, చదునుగా చేయొచ్చని 1953లో జార్జ్ డెషాంప్స్ చెప్పాడు. తగిన పదార్థాలు దొరికి అది వాడుకలోకి రావడానికి 1970ల దాకా పట్టింది.

ఖరీదైన వెండే ఎందుకంటారా? రాగి పొడికి చిలుము పడితే కరెంటు సరిగా పారదు. వెండికి ఆ బెడద తక్కువ.

చంపడానికి వెదికిన పద్ధతితోనే ఇప్పుడు సరుకులకి అంటించే కొన్ని రేడియో ట్యాగుల యాంటెనాలు అచ్చవుతున్నాయి. యుద్ధం రాకపోతే ఈ పనికి ఎవరైనా అంత డబ్బు పెట్టేవారా? నాకైతే అనుమానమే. మీరేమంటారు?